బూజు కోసం వాడరేవు దాకా

బుధవారం పొద్దున ఆరుంబావుకి గుంటూరులో చిలకలూరిపేట బస్సు ఎక్కాను. చేతిలో ఖాళీ బిస్కెట్ల డబ్బా, భుజాన మా నాన్న పరుపు చుట్టుకునే హోల్డాల్, మనసులో ఏడుపు. జనం తిరునాళ్ళకి వెళ్తారు, పెళ్ళిళ్ళకి వెళ్తారు, నేను బూజు కోసం బయల్దేరాను. నవ్వుకోండి. ఆ రోజు మాత్రం నాకు నవ్వు రాలేదు.

అప్పటికి ప్రకాశం జిల్లా ఇంకా పుట్టలేదు. చీరాల, ఒంగోలు అన్నీ మా గుంటూరు జిల్లాలోవే. నేను గుంటూరులో ఒక కాలేజీలో డిమాన్‌స్ట్రేటర్ని. మా రామలింగం మాస్టారు కాలేజీ వెనక రేకుల షెడ్డులో ఆరేళ్ళుగా ఒక బూజును సాకుతున్నారు. పత్తి తీశాక రైతులు కట్టెను కొంత పొయ్యిలో పెట్టుకుంటారు, మిగిలింది చేలోనే తగలేస్తారు. ఆ కట్టెలోనూ చక్కెర ఉంది. కాకపోతే గట్టిగా బిగిసిపోయి ఉంది, మన పళ్ళకీ పొట్టకీ లొంగదు. ఈ బూజు వదిలే రసంలోని ఎంజైములకి మాత్రం లొంగుతుంది. కట్టెపొడిని కాస్టిక్ సోడాలో ఉడికించి, కడిగి, దాని మీద ఈ రసం పోస్తే తీపి నీళ్ళు దిగుతాయి. వాటిని ఈస్టుతో పులియబెట్టి బట్టీ పెట్టి కాస్తే స్పిరిట్టు. ఆ స్పిరిట్టుతో షెడ్డులో చిన్న ఇంజను పదకొండు నిమిషాలు నడిచింది. నేను కళ్ళారా చూశాను.

ఆ బూజును నేనే చంపేశాను.

బూజు పెంచిన పాత గాజుగొట్టాలను పారేసే ముందు ఆవిరిలో ఉడకబెట్టాలి. పెద్ద యంత్రం కొనే స్తోమతు లేక మేం వంటింటి ప్రెషర్ కుక్కరే వాడేవాళ్ళం. పారేయాల్సిన గొట్టాల బుట్టా, విత్తనంగా దాచుకునే తల్లి బూజు ఉన్న గొట్టాల బుట్టా పక్కపక్కనే ఉన్నాయి. ఆదివారం చర్చికి టైమైపోతోందన్న తొందరలో తల్లి బుట్టను కుక్కర్లో పెట్టి మూత బిగించాను. అరగంట కూత పెట్టింది. మూత తీశాక గానీ చూసుకోలేదు. ఆరేళ్ళ కష్టం చారులా ఉడికిపోయింది.

మాస్టారు తిట్టినా బాగుండేది. నోటుపుస్తకం తెరిచి, ఆరేళ్ళ కిందట తనకి ఆ బూజు దొరికిన రెండు చోట్లు చూపించారు. పేటలో జిన్నింగ్ మిల్లు వెనక తడిసిన దూది కుప్ప. వాడరేవులో పాత తెరచాప. "పచ్చరంగు బూజులు సవాలక్ష ఉంటాయి రూతమ్మా. మనదానికి పచ్చికొబ్బరి వాసన వస్తుంది. ఆ వాసన పట్టుకో," అన్నారు. స్పిరిట్టు పని చూసి షెడ్డు ఉంచాలో తీసేయాలో తేల్చే కమిటీ ఈ బుధవారం నుంచి లెక్కేస్తే పన్నెండో రోజున వస్తుంది. బూజు పెరిగి, రసం దిగి, తీపి నీళ్ళు కావడానికి పది రోజులు పడుతుంది. అంటే నా చేతిలో ఉన్నవి రెండే రోజులు.

బస్సులో నా పక్కన తలపాగా రైతు ఒకాయన కూర్చున్నాడు. డబ్బాని ఒళ్ళో పెట్టుకుని కదలకుండా కూర్చున్న నన్ను చూసి, "ఏంటమ్మా అందులో, నెయ్యా?" అన్నాడు.

"ఖాళీ డబ్బా అండి."

"ఖాళీ డబ్బాకి ఇంత జాగ్రత్తా!"

ఊరుకోలేక సంగతంతా చెప్పాను. ఆయన పొట్ట పట్టుకుని నవ్వాడు. "పత్తికట్టెతో ఇంజను నడుస్తదా? మా ఇంట్లో దాంతో అన్నమే సరిగ్గా ఉడకట్లా!" వెనక సీట్లో మిరపకోతకి వెళ్తున్న ఆడవాళ్ళు కూడా నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. కళ్ళాల్లో మిరపకాయలు ఎర్రగా ఆరబోసి ఉన్నాయి. గాలి తిరిగితే చాలు, బస్సు బస్సంతా దగ్గు. ఈ సీమలో బూజు అంటే రైతుకి శత్రువు. దాన్ని వెతుక్కుంటూ పోయే మనిషిని చూసి నవ్వక ఏం చేస్తారు?

ఎనిమిదికి పేటలో దిగాను. బస్టాండు పక్కన కాకా హోటల్లో రెండిడ్లీ తిని, లారీల మధ్యలోంచి మిల్లుకి నడిచాను. గింజ తీసిన దూది గాల్లో తేలి కనురెప్పల మీద వాలుతోంది. గుమస్తాగారు మర్యాదగా కుర్చీ వేయించి మజ్జిగ తెప్పించారు. నేను మజ్జిగ ముట్టకుండానే, "మీ మిల్లు వెనక తడి దూది కుప్ప ఉండాలండి," అన్నాను.

"ఉండేదండి. అగ్గిభయమని శనివారమే తీయించి తగలబెట్టించాం."

శనివారం! నేను గొట్టాలు ఉడకబెట్టింది ఆ మర్నాడే. అయినా అక్కడికి వెళ్ళి బూడిదను పుల్లతో తవ్వాను. కింద మట్టి కూడా కాలి ఎర్రబడింది. గుమస్తాగారు జాలిపడి దోసెడు తెల్లటి దూది తెచ్చి ఇచ్చారు. "ఇది మొదటి రకం అమ్మా, తీసుకెళ్ళండి," అన్నారు. పాపం, ఆయన మంచితనానికి నేను పళ్ళు కొరుక్కుంటూ దండం పెట్టి వచ్చాను.

పదకొండున్నరకి చీరాల బస్సు. పర్చూరు దాటాక చక్రం పగిలింది. మార్చే చక్రమూ పగిలిందేనని అప్పుడు తెలిసింది. నాలుగు గంటలు నల్లరేగడి చేల మధ్య ఎండలో నిలబడ్డాం. పత్తికట్టె పీకి కుప్పలు పెట్టిన చేలు, మైళ్ళకి మైళ్ళు. ఇన్ని కుప్పల్లో ఇంజనుకి తిండి ఉందని తెలిసినవాళ్ళు ఇద్దరమే, మాస్టారూ నేనూ. ఆ ఇద్దరిలో ఒకతె ఉన్న విత్తనాన్ని ఉడకబెట్టేసింది. అక్కడే కూర్చుని ఏడుద్దామనిపించింది. కండక్టరు చూస్తున్నాడని ఊరుకున్నాను.

చీరాల చేరేసరికి అయిదున్నర. ఇప్పుడు వాడరేవు వెళ్తే చీకటి పడుతుందని జట్కావాళ్ళు కదల్లేదు. మా నాన్నతో మిషన్ బళ్ళో పనిచేసిన సంతోషమ్మ టీచరు ఇంట్లో హోల్డాల్ పరిచాను. ముదురాకుపచ్చ కాన్వాసు, మూల మీద తెల్లరంగుతో నాన్న పేరులోని పొడి అక్షరాలు. బడి పంతులుగా పరీక్షల డ్యూటీకి ఊళ్ళు తిరిగిన మనిషి. ఆయన పోయాక ఇంట్లో ఆయన వస్తువని చెప్పుకోవడానికి మిగిలింది అదొక్కటే.

గురువారం ఆరింటికి మస్తాన్ సాయిబు జట్కా మాట్లాడుకున్నాను. రెండూ యాభైకి చీరాలలో తెనాలి వైపు పాసింజరు. అది తప్పితే మళ్ళీ గుంటూరు చేరేది శుక్రవారమే. మస్తాన్‌కి నా పని వివరించి, రైలు మాట రెండుసార్లు చెప్పాను.

"రైలు సంగతి నాకొదిలెయ్ అమ్మా. నువ్వు మాత్రం అక్కడ తెరచాప కుళ్ళిందా అని అడగమాక," అన్నాడు.

"ఏం?"

"నా గుర్రం కుంటిదని నలుగుర్లో అంటే నా బండి ఎవరు ఎక్కుతారు? ఇదీ అంతే."

ఏడుంబావుకి వాడరేవు చేరాం. ఇసుక మీద చేపలు ఎండేశారు, పడవలు ఒడ్డుకి లాగి ఉన్నాయి. నేను మస్తాన్ మాట విననే లేదు. నాకున్న తొందరలో ప్రతి పడవ దగ్గరికీ పోయి, "కుళ్ళిన చాప ఏమైనా ఉందా?" అని అడిగాను. ఒకడు ముఖం తిప్పుకున్నాడు. ఒకడు ఉమ్మేశాడు. వల అల్లుతున్న ముసలాయన మాత్రం జవాబిచ్చాడు.

"కుళ్ళిన చాపేసుకుని నీళ్ళ మీదికి పోతామా తల్లీ? మేము బతకొద్దా?"

తొమ్మిదిన్నర అయింది. డబ్బా ఖాళీ. ఎండ ముదురుతోంది. పాకల చివర పొగ కనిపిస్తే అటు నడిచాను. మూడు రాళ్ళ మీద పెద్ద కాగులో తుమ్మచెక్క ఎర్రగా మరుగుతోంది. నూలు వలలూ చాపలూ పాడవకుండా ఆ కషాయంలో ముంచుతారు. కాగు దగ్గర పడవ యజమాని పోలయ్య, అతని భార్య అంకమ్మ నిలబడి ఉన్నారు. పడవ ఎక్కే నలుగురు మనుషులు తెరచాపను నాలుగు మూలలా పట్టుకుని తెస్తున్నారు.

మస్తాన్ నా చెవిలో అన్నాడు. "ఇక్కడ అదో కట్టుబాటమ్మా. కషాయం కాచిన రోజు చాప మూల పట్టుకున్నోడు ఆ పడవ ఎక్కుతానని మాటిచ్చినట్టే. ముంచి ఆరేసి, రేపు తెల్లారి నీళ్ళ మీదికి పోతారు."

ఈసారి బుద్ధిగా అడిగాను. "అయ్యా, చాప ఒకసారి చూడొచ్చా?"

"చూడమ్మా. మూడేళ్ళ చాప. దీన్ని మించింది ఈ రేవులో లేదు," అన్నాడు పోలయ్య. మనిషి పాలిపోయి ఉన్నాడు, ఈమధ్యే జ్వరం పడి లేచినట్టు.

చాప పైభాగమంతా బాగానే ఉంది. కింది మడత విప్పాను. పాత కషాయం మరకల కింద పచ్చగా, పొడిపొడిగా మచ్చలు. బొటనవేలు పెట్టి నొక్కాను. తడిసిన కాగితంలో దిగినట్టు వేలు అవతలికి దిగిపోయింది.

"దొరికింది!" అని అరిచాను. "దేవా, దొరికింది! మొత్తం తినేసింది చూడండి!"

అలా అరిచానంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. సంతోషంతో గంతులు వేస్తున్నాను. తల ఎత్తి చూస్తే నలుగురూ నా వేలిని చూస్తున్నారు. ముందు ఆ నలుగురిలో పెద్దాయన తన మూల వదిలేశాడు. తర్వాత ఒక్కొక్కరూ. చాప ఇసుక మీద పడింది.

"ఏరా పోలయ్యా, మమ్మల్ని ఈ చాప కింద కూర్చోబెడదామనుకున్నావా?" అన్నాడు పెద్దాయన.

"దాని మొహం! పట్నం మనిషి, దానికేం తెలుసు చాప గురించి?" పోలయ్య నా వైపు తిరిగాడు. "నా పొట్ట కొట్టావు కదమ్మా! నేను నీకేం ద్రోహం చేశాను? ముంచండిరా, ముంచితే అదే గట్టిపడుద్ది!"

ఎవరూ కదల్లేదు. పోలయ్యే వంగి, చాపను ఒంటరిగా కాగు వైపు లాక్కుపోతున్నాడు. కషాయం సలసల కాగుతోంది. నా బూజు మళ్ళీ ఉడికిపోబోతోంది, నా కళ్ళ ముందే, నాలుగు రోజుల్లో రెండోసారి. పరుగెత్తి కాగుకీ అతనికీ మధ్య నిలబడ్డాను. వెనక నిప్పుల సెగ చీర కుచ్చెళ్ళకి తగులుతోంది.

"పక్కకి తప్పుకో!"

"తప్పుకోను. నన్ను కూడా ముంచు."

మస్తాన్ "అమ్మా, అమ్మా" అంటూ అరుస్తున్నాడు. అంకమ్మ వచ్చి నా రెక్క పట్టి మంట దగ్గర్నుంచి ఇవతలికి లాగింది. "చావడానికొచ్చావా ఇక్కడికి? ఏం కావాలి నీకు?"

అప్పుడు చెప్పాను. కుక్కరు సంగతి, బుట్టల సంగతి, మాస్టారి ఆరేళ్ళ సంగతి అంతా గుక్కతిప్పుకోకుండా చెప్పాను. "తొందరపడి నేను ఉడకబెట్టేశానమ్మా. ఇప్పుడు మీ ఆయనా అదే చేస్తున్నాడు. ఉడికిస్తే బూజు చస్తుంది గానీ, అది తినేసిన నూలు తిరిగి రాదు. గాలికి పిగిలిపోతుంది. రేపు ఈ చాపతో వెళ్తే నలుగురూ..." ఏడ్చేశాను.

పోలయ్య చాప వదిలి ఇసుకలో కూలబడ్డాడు. "జొరమొచ్చి పడుకున్నానమ్మా, పద్దెనిమిది రోజులు. తడిచాప మడిచినట్టే ఉండిపోయింది. లేచి చూసుకునేసరికి ఇట్టయింది. చాప పోయిందని తెలిస్తే నా పడవ ఎవడూ ఎక్కడు. ఎట్ట చెప్పను?"

అతని మీద నాకు కోపం రాలేదు. ఆదివారం మధ్యాహ్నం మాస్టారికి చెప్పే ముందు నేనూ గంటసేపు షెడ్డు బయట అలాగే కూర్చున్నాను.

అంకమ్మ చాప దగ్గరికి పోయి, ఆ మడతను రెండు చేతులా పట్టి లాగింది. చప్పుడు కూడా కాలేదు. పాత చీర పేలికలా బారెడు ముక్క ఊడి వచ్చింది. ఆ తేలిక చూసి పెద్దాయన ముఖం మాడిపోయింది. అంకమ్మ ఆ ముక్కను నా చేతిలో పెట్టింది. "తీసుకుపో. మాకు చావు, నీకు పనికొస్తే మంచిదే."

నేను పెద్దాయనకి వేలితో నొక్కి చూడటం నేర్పాను. ఇద్దరం మోకాళ్ళ మీద కూర్చుని చాపంతా అంగుళం అంగుళం నొక్కుకుంటూ పోయాం. పైభాగం నిక్షేపంగా ఉంది. పోయింది ఆ మడత మేరకే. "గట్టి గుడ్డ ఉంటే మాసిక వెయ్యొచ్చు. మామూలు గుడ్డ ఆగదు," అన్నాడు ఆయన.

అందరూ జట్కాలో ఉన్న నా కాన్వాసు హోల్డాల్ వైపు చూశారు. ఎవరూ అడగలేదు. నిజం చెబుతున్నాను, ఇవ్వబుద్ధి కాలేదు. అప్పటికి పదకొండున్నర అయింది. చివరికి నేనే దించి తెస్తే, పెద్దాయన కాన్వాసును బొటనవేలితో నొక్కి చూశాడు, రాయిలా ఉంది. పట్టీలు కత్తిరించి, లోపలి పరుపూ దుప్పటీ తీసి, కాన్వాసును అంకమ్మ చేతిలో పెట్టాను. పోలయ్య నా ముఖంలోకి చూడలేకపోయాడు. కాసేపటికి పెద్దాయన వంగి చాప మూల పట్టుకున్నాడు. మిగతా ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని, తమ మూలలు తాము పట్టుకున్నారు.

అంకమ్మ నాకు చేపల పులుసుతో అన్నం పెట్టింది. సగమే తినగలిగాను. గుడ్డ ముక్కను మంచినీళ్ళతో తడిపి డబ్బాలో పెట్టి, పరుపును కొబ్బరితాడుతో చుట్టి, ఒంటిగంటకి బయల్దేరాం. దారిలో డబ్బా తెరిచి ఎన్నిసార్లు వాసన చూశానో లెక్కలేదు. చేపలు, తుమ్మచెక్క, ఉప్పు, ఇవే వాసనలు. కొబ్బరి వాసన లేదు. ఇది మా బూజు కాదేమో. మా బూజే అయినా పాత కషాయం దాన్ని చంపేసిందేమో. నాన్న హోల్డాల్ ఊరికే పోయిందేమో. మస్తాన్ ఏదో చెబుతున్నాడు, నేను వినలేదు.

రెండూ నలభైకి స్టేషను. పాసింజరు ఇరవై నిమిషాలు ఆలస్యం. ఆడవాళ్ళ పెట్టెలో కిటికీ పక్కన చోటు దొరికింది. ఎండ తగలకుండా డబ్బాని ఒళ్ళో పెట్టి కొంగు కప్పాను. బాపట్ల దాటాక మాగాణులు మొదలయ్యాయి, గాలి చల్లబడింది. ఎదురుగా పెద్ద బొట్టు పెద్దావిడ తన మనవడి అల్లరి గురించి చెబుతోంది. నేను ఊ కొడుతున్నాను గానీ మనసంతా డబ్బా మీదే. బూజుకి గాలి ఆడాలని మూత కొంచెం లేపి పెట్టాను. వాసన చూసే ధైర్యం మాత్రం అప్పటికే చచ్చిపోయింది. మాస్టారికి ఏం చెప్పాలో లోపల్లోపల వల్లిస్తున్నాను.

పొన్నూరు వాళ్ళు దిగే నిడుబ్రోలు స్టేషను వదిలి బండి కదిలింది. పెద్దావిడ మాట ఆపి ముక్కు ఎగబీల్చింది. అటూ ఇటూ చూసింది.

"ఎవరమ్మా, కొబ్బరికాయ కొట్టింది?"

నేను ఆవిడ వైపు చూశాను. "ఏమన్నారండీ?"

"పచ్చికొబ్బరి వాసన రావట్లా? ఎవరి దగ్గరుందమ్మా, ఒక ముక్క పెట్టండి!"

మూత పూర్తిగా తీశాను. గుమ్మని వచ్చింది. ఒళ్ళో వేడికీ తడికీ మేలుకుంది నా తల్లి. కొంగులో ముఖం పెట్టుకుని పెద్దగా ఏడ్చేశాను. పెద్దావిడ కంగారుపడి, "ఓసినీ, కొబ్బరిముక్క అడిగితే ఇంత ఏడుపా! వద్దులేమ్మా, నువ్వే తిను," అంది. ఏడుస్తూనే నవ్వాను.

తెనాలిలో బండి మారి గుంటూరు చేరేసరికి ఏడు. మాస్టారు ప్లాట్‌ఫాం మీద నిలబడి ఉన్నారు. ఎవరికోసమూ స్టేషనుకి రాని మనిషి. డబ్బా అందిస్తే మూత తీసి వాసన చూశారు. కళ్ళు మూసుకున్నారు. తర్వాత నా భుజాన కొబ్బరితాడు కట్టిన పరుపును చూశారు.

"నాన్నగారి హోల్డాల్ ఏదమ్మా?"

"రేపు తెల్లారి సముద్రం మీదికి వెళ్తుంది సార్. చాపకి కుట్టేస్తున్నారు. ఆయన అక్షరాలు పైకి కనిపించేలా కుట్టమని చెప్పి వచ్చాను."

ఆయన పరుపు నా భుజం మీంచి తీసి తన భుజాన వేసుకున్నారు. ఆ రెండు రోజుల్లో నన్ను చూసి నవ్వినవాళ్ళున్నారు, తిట్టినవాళ్ళున్నారు. మజ్జిగా అన్నమూ పెట్టినవాళ్ళూ ఉన్నారు. వాళ్ళకి తిండి పెట్టే పత్తినీ చాపనీ తినే బూజును వాళ్ళ దగ్గర్నుంచే తెచ్చుకున్నాను. ఎప్పటికైనా దాన్ని ఇంజనుగా చేసి వాళ్ళకి తిరిగివ్వాలని ఆ ప్లాట్‌ఫాం మీదే అనుకున్నాను.

స్టేషను బయటికి వచ్చాక మాస్టారు రిక్షా పిలిచి, నాలుగు రోజుల తర్వాత మొదటిసారి నవ్వారు.

"షెడ్డుకే పోనీయమను రూతమ్మా. ఈ రాత్రికే గొట్టాల్లోకి ఎక్కిద్దాం. కుక్కరు దగ్గర మాత్రం నేను నిలబడతాను."